ఇంటి సంగతి తర్వాత చూద్దాం

ఫ్లాటు కొనేముందు మనం అడగని మనిషంటూ ఉండడు. వాస్తు పంతుల్ని వెంటబెట్టుకెళ్లి ఈశాన్యం చూపిస్తాం. బోరు ఎన్ని అడుగుల్లో పడిందో, ఎండాకాలంలో ట్యాంకర్లు తెప్పిస్తారో లేదో వాచ్‌మన్‌ని అడుగుతాం. బిల్డరు ఇంతకుముందు కట్టిన అపార్ట్‌మెంట్లకు వెళ్లి గోడలు చెమ్మ పట్టాయేమో చూసొస్తాం. ముహూర్తం పెట్టించి, ఆవును లిఫ్టులో ఎక్కించడం కుదరదు కాబట్టి గేటు దగ్గరే దణ్ణం పెట్టించి, అయిదో అంతస్తులో పాలు పొంగించి, సత్యనారాయణ వ్రతం పీటల మీద కొడుకునీ కోడల్నీ కూర్చోబెడతాం. ఇంత హడావుడిలో ఒక్క ప్రశ్న మాత్రం ఎవరమూ వెయ్యం. ఈ ఇంట్లో ఎవరి డబ్బు ఎంత?

కొత్తగా కాపురం పెట్టినవాళ్ల మధ్య నీదీ నాదీ అనడం అశుభమట. అందుకే అడగలేదని చెప్పుకుంటాం. నేను బ్యాంకులో ఇళ్ల లోన్ల సెక్షన్లో పనిచేసి రిటైరయ్యాను. లెక్కలు తెలిసినవాడినని విడిపోయిన జంటల పంచాయతీలకు బంధువులు, తెలిసినవాళ్లు పిలుస్తుంటారు. అలా కూర్చోగా కూర్చోగా నాకు అర్థమైంది ఇది: ఆ లెక్క రాయకపోవడం వల్ల మనందరికీ ఏదో ఒక లాభం ఉంది. శుభాశుభాల మాట పైకి చెప్పుకునేది. 'మనం' అంటున్నది ఎవరినో కాదు. పెళ్లిళ్లు చేసిన తల్లిదండ్రుల్ని, లోన్లిచ్చిన మా బ్యాంకుల వాళ్లని, దస్తావేజులు రాసేవాళ్లని, తగువొచ్చాక మధ్యన కూర్చుని నీతులు చెప్పే పెద్దమనుషుల్ని. పిల్లలు సర్దుకుపోవడం లేదని ఊరికే ఆడిపోసుకుంటాం. వాళ్లు విడిపోవడానికి కారణాలు వాళ్లకుంటాయి. విడిపోలేక విడిపోలేక, ఏళ్ల తరబడి ఒకే లోనుకి కట్టుబడి ఒకరి రక్తం ఒకరు తాగడానికి కారణం మాత్రం చాలావరకు మనమే.

ముందు మా బ్యాంకుల సంగతి. ఒక ఇంటికి రెండు పేర్లు ఎందుకు పెట్టించాం? ఆలుమగలు సమానమన్న ఆదర్శంతో కాదు. ఒక్క జీతం మీద అరవై లక్షల లోను రాదు, రెండు జీతాలు కలిపితే వస్తుంది. కొన్ని బ్యాంకుల్లో ఆడవాళ్ల పేరుంటే వడ్డీ 0.05 శాతం తగ్గుతుంది. పాత పన్ను విధానంలో ఇద్దరూ చెరో 2 లక్షల దాకా వడ్డీ మినహాయింపు చూపించుకోవచ్చు. ఈ మూడూ మేం వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పేవాళ్లం. నాలుగోది చెప్పేవాళ్లం కాదు. ఇద్దరు కలిసి తీసుకున్న లోనులో సగం నీది సగం ఆమెది అని ఉండదు. మొత్తం బాకీ నీదే, మొత్తం బాకీ ఆమెదే. ఒకరు ఎగ్గొడితే రెండోవారి దగ్గర పూర్తిగా వసూలు చేసుకునే హక్కు బ్యాంకుది. ఆ మాట అగ్రిమెంట్లో ఉంటుంది. మేం పెన్సిల్‌తో ఇంటూ గుర్తులు పెట్టిన చోటల్లా వాళ్లు సంతకాలు పెడుతూ పోయారు. పేజీ తిప్పి ఆ మాట చదివి వినిపించిన సందర్భం నాకు ఒక్కటీ గుర్తులేదు. నెలాఖరు టార్గెట్లుండేవి.

తర్వాత దస్తావేజు. మీ ఇంట్లో సేల్ డీడ్ జిరాక్సు ఉంటే ఒకసారి తీసి చూడండి. అమ్మినవాళ్ల తండ్రులు, ఆధార్లు, పాన్‌లు, లింకు డాక్యుమెంట్ల నంబర్లు పేజీల కొద్దీ ఉంటాయి. చెక్కుబందీలో తూర్పున కారిడార్, పడమర ఖాళీ జాగా, ఉత్తరాన మెట్లు, దక్షిణాన పక్క ఫ్లాటు అని సరిహద్దులు నాలుగూ ఉంటాయి. అపార్ట్‌మెంటు కట్టిన మొత్తం స్థలంలో మన ఫ్లాటుకు వచ్చే అన్‌డివైడెడ్ షేర్ ఇన్ని చదరపు గజాలని పాయింట్ల దాకా రాసి ఉంటుంది. ముక్కూముఖం తెలియని మరో అరవై కుటుంబాలతో మన వాటా ఎంతో గజం కూడా తప్పిపోకుండా రాయించుకున్నాం. లోపల ఒకే మంచం మీద పడుకునే ఇద్దరి మధ్య వాటా ఎంతో రాయించలేదు. కొన్నవారు: ఒకటి, ఫలానా. రెండు, ఫలానా, ఒకటవ వారి భార్య. అంతే, అయిపోయింది.

రాయకపోతే చట్టం ఏం చేస్తుందో 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టంలోనే ఉంది. ఎవరు ఎంత డబ్బు పెట్టారో రుజువైతే ఆ నిష్పత్తిలో వాటా, రుజువు లేకపోతే సమానం. వినడానికి ఎంతో న్యాయంగా ఉంది. చిక్కంతా ఆ రుజువు దగ్గరే.

ఒక లెక్క వేసి చూపిస్తాను, ఊహించిన లెక్కే. ఫ్లాటు 80 లక్షలు. లోను 60 లక్షలు, 8.5 శాతం వడ్డీ, ఇరవయ్యేళ్లు. ఈఎంఐ 52 వేలు పడుతుంది. చేతినుంచి 20 లక్షలు, దానికి తోడు రిజిస్ట్రేషన్‌కి 7.5 శాతం చొప్పున 6 లక్షలు, వెరసి 26. అందులో అబ్బాయి తండ్రి ఊళ్లో పొలం ముక్క అమ్మి ఇచ్చింది 8, అమ్మాయి తండ్రి ఇచ్చింది 10, పిల్లలిద్దరి పొదుపు 8 అనుకుందాం. అయిదేళ్లు గడిచాయి. ఈఎంఐ అబ్బాయి ఖాతాలోంచి పోతోంది. పిల్లాడి స్కూలు ఫీజు, కిరాణా, పనిమనిషి జీతం, అపార్ట్‌మెంటు మెయింటెనెన్సు, అత్తగారి షుగర్ మందులు అమ్మాయి జీతంలోంచి పోతున్నాయి. ఇప్పుడు విడిపోయారు.

అబ్బాయి బ్యాంకు స్టేట్‌మెంటు బల్ల మీద పెడతాడు. అయిదేళ్లలో 31 లక్షలు కట్టాను, ఇల్లు నాదే అంటాడు. అతను అబద్ధమాడటం లేదు. కానీ ఆ 31 లక్షల్లో వడ్డీకి పోయింది 24 లక్షల పైమాటే. అసలు తగ్గింది 7 లక్షల చిల్లర. ఇంకా 53 లక్షల దాకా బాకీ ఉంది. అంటే అయిదేళ్ల ఈఎంఐలు ఆ ఇంట్లో కొన్నది, అమ్మాయి తండ్రి ఒక్కసారి ఇచ్చిన 10 లక్షల కంటే తక్కువ. ఈ మాట పంచాయతీలో చెబితే అబ్బాయి తరఫు వాళ్లు నా మొహంలోకి అనుమానంగా చూస్తారు, అవతలి వాళ్లు నన్ను కొనేశారేమో అన్నట్టు. లోను తీసుకున్ననాడే ఆ అబ్బాయికి రీపేమెంట్ షెడ్యూలు చేతికిచ్చి, మొదటి ఏళ్లలో కట్టేదంతా వడ్డీయే నాయనా అని చెప్పి ఉంటే, ఇప్పుడు ఇలా చూసేవాడు కాదు.

సరే, అమ్మాయి తండ్రి ఇచ్చిన ఆ పది లక్షలు ఏవి? కాగితం మీద ఎక్కడా లేవు. ఎందుకు లేవంటే, అది కట్నం. 1961 నుంచి కట్నం తీసుకోవడమే కాదు, ఇవ్వడమూ నేరం. అందుకని మనం తెలివి మీరి, పెళ్లప్పుడు "మాకేమీ వద్దండీ బావగారూ, పిల్లలు ఇల్లు కొనుక్కుంటారుగా, అప్పుడు మీకు తోచింది సాయం చేద్దురుగాని" అన్నాం. ఆడపిల్ల తండ్రి తల ఊపాడు. ఇల్లు కొన్ననాడు ఆయన సంచిలో నగదు తెచ్చి అబ్బాయి తండ్రి చేతిలో పెట్టాడు. అది అలాగే బిల్డరు దగ్గరికి వెళ్లింది. బిల్డరుకూ సంతోషమే, ఆయన ఆ నగదుని దస్తావేజులో చూపించడు. కట్నమూ నల్లడబ్బూ కలిసి ఆ గోడల్లోకి వెళ్లిపోయాయి. ఇప్పుడు ఆ తండ్రి వచ్చి, నా పది లక్షల సంగతేమిటని అడిగితే మనం అంటున్నాం, "రసీదుందా అండీ?" అని.

కట్నాన్ని నేరం చేసిన ఆ చట్టంలోనే ఇంకో మాట ఉంది, దాన్ని మనం ఎన్నడూ పైకి చదవలేదు. కట్నంగా ఇచ్చింది ఎవరు పుచ్చుకున్నా అది ఆ అమ్మాయి సొత్తు, మూడు నెలల్లో ఆమెకు అప్పగించాలి. ఆమె పేర చెక్కు రాసి, ఆమె ఖాతాలోంచి బిల్డరుకి పంపి ఉంటే ఇవాళ ఎవరి ముందూ చెయ్యి చాచనక్కర్లేదు. ఆడపిల్ల తండ్రులం కూడా తప్పించుకోలేం. కూతురికి ఇచ్చాం అనుకున్నామే గానీ కూతురి చేతికి ఎన్నడూ ఇవ్వలేదు, వియ్యంకుడి చేతికిచ్చాం. పోనీ విడాకులయ్యాకైనా ఆమె ఇష్టానికి వదిలామా? తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో, విడాకులై లెక్కలు తేలిపోయిన కూతురి తరఫున, ఆమె అడగకుండానే తండ్రి స్త్రీధనం కోసం మాజీ అత్తమామల మీద కేసు పెట్టాడు. స్త్రీధనం మీద హక్కు ఆమె ఒక్కదానిదే, తండ్రికి ఏ అధికారమూ లేదని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ కేసు కొట్టేసింది. కూతురి సొమ్ము కూడా మన పెత్తనం కిందే ఉండాలన్న అలవాటు ఢిల్లీ దాకా పోయింది.

ఇక ఆమె జీతంలోంచి పోయిన కిరాణా, ఫీజులు, మందులు. అవి ఇల్లు కొనలేదా? ఆమె అవన్నీ భరించకపోతే అతని జీతంలో 52 వేలు మిగిలేవా? ఈ ప్రశ్నకు మన పంచాయతీల్లో జవాబు ఉండదు, ఎందుకంటే ఇటుకైన డబ్బు కంటికి కనిపిస్తుంది, ఇడ్లీపిండి అయిన డబ్బు కనిపించదు. ఉద్యోగం లేకుండా ఇంటిపట్టునే ఉన్న ఆడమనిషి సంగతి ఇక చెప్పేదేముంది. 2023 జూన్‌లో మద్రాసు హైకోర్టు ఒక తీర్పులో, భర్త సంపాదించగలిగాడంటే భార్య ఇల్లు నడపడం వల్లే, కాబట్టి అలా కొన్న ఆస్తిలో ఆమెకు సమాన వాటా ఉందని ఒప్పుకుంది. ఆ తీర్పు గురించి పత్రికల్లో వచ్చినప్పుడు మా కాలనీ పార్కులో పొద్దున నడకకు వచ్చే పెద్దలు నవ్వుకున్నారు. నేనూ వాళ్లతో పాటే నడిచాను. ఒక్కడినీ అడ్డుకోలేదు.

ఒక పంచాయతీ చెబుతాను. కూకట్‌పల్లి వైపు ఫ్లాటు. సోఫాలో మగపెళ్లివారి వైపు, డైనింగు కుర్చీలు లాక్కుని ఆడపెళ్లివారి వైపు. బాబాయి వరసాయన ఒకాయన లాంగ్ నోట్‌బుక్‌లోంచి కాగితం చింపి సామాన్లు రాయడం మొదలుపెట్టాడు. బీరువా, ఫ్రిజ్, వెండి కంచం, పట్టుచీరలు. వెట్ గ్రైండర్ దగ్గర బండి ఆగిపోయింది. "ఆ గ్రైండర్ మేం పెట్టిందే అన్నయ్యగారూ, కోయంబత్తూరు నుంచి మా మరిది మోసుకొచ్చాడు" అంది అమ్మాయి తల్లి. "మీరు పెట్టింది ఎప్పుడో పాడైంది వదినగారూ, ఇది మావాడు దీపావళికి కొన్నాడు" అంది అబ్బాయి తల్లి. మోటారు కింద స్టిక్కర్ చూడటానికి ఇద్దరు మగాళ్లు గ్రైండర్‌ని బోర్లించారు. మూల నుంచి ఆ అమ్మాయి, "బాబాయ్‌గారూ, ఇల్లు రాయలేదు" అంది. ఆయన తల ఎత్తకుండానే "ఇంటి సంగతి తర్వాత చూద్దాంలేమ్మా, ముందు ఇవి తేలనీ" అన్నాడు. కాగితం అడుగున రెండు మాటలు మాత్రం రాశాడు: ఇల్లు, తర్వాత. లెక్కలు తెలిసినవాడినని పిలిస్తే వెళ్లిన నేను కాఫీ గ్లాసు కింద పెట్టి ఒక్క మాట అనొచ్చు. ముందు ఇంటితోనే మొదలుపెడదాం అనొచ్చు. అంటే పొద్దుపోయేదాకా కూర్చోవాలి. మా అందరికీ భోజనాల వేళయింది.

ఆ తర్వాత ఎలా ఉంటుందో మనకు తెలుసు. నెల తిరగ్గానే ఈఎంఐ దానంతట అది పోతుంది. మనసులు విరిగాయని బ్యాంకు ఆగదు. బయటికి వెళ్లినవాళ్లు అక్కడ అద్దె కడతారు, ఇక్కడ ఈఎంఐలో భాగమూ కడతారు. లోపల ఉన్నవాళ్లు అసోసియేషన్ బిల్లు ఆపేస్తారు. ఎవరో ఒకరు కోపంతో ఆటో డెబిట్ ఆపిస్తారు. అతనికి బుద్ధి చెప్పాలని ఆమె, ఆమెకు బుద్ధి చెప్పాలని అతను. బుద్ధి వచ్చేది ఇద్దరి సిబిల్ స్కోరుకి. తొంభై రోజులు బాకీ పడితే ఖాతా మొండిబాకీ కింద మారుతుంది, ఆ తర్వాత 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద అరవై రోజుల నోటీసు వస్తుంది, ఆపైన వేలం. ఈలోగా విడాకుల డిక్రీ వచ్చినా ఉపయోగం లేదు. ఆ కేసులో బ్యాంకు పార్టీ కాదు కదా. జడ్జిగారు "ఇల్లు ఫలానావారిది, లోను వారే కట్టుకోవాలి" అని రాసినా, లోను కాగితాల్లో రెండో సంతకం రెండో సంతకంగానే ఉంటుంది. "సార్, నా పేరు తీసేయండి, డిక్రీ ఇదిగో" అని మా కౌంటర్ దగ్గరికి వచ్చిన ఆడవాళ్లకూ మగవాళ్లకూ మేం చెప్పిన జవాబు ఒక్కటే: మిగిలినవారి ఒక్క జీతానికి ఎలిజిబిలిటీ రావాలి, రాకపోతే ఇంకో కో-అప్లికెంట్‌ని తీసుకురండి. చట్టప్రకారం అది సరైన జవాబే. ఆ జవాబు వినాల్సి వస్తుందని పదేళ్ల ముందు చెప్పకపోవడం మా తప్పు.

ఇంతకంటే సిగ్గుపడాల్సిన సంగతి ఇంకొకటి. "అమ్మ పేరు మీద పెట్టరా" అన్న సలహా. ఇల్లు కొనేది కొడుకూ కోడలూ, కట్టేది వాళ్లిద్దరి జీతాలు, పేరు మాత్రం అత్తగారిది. ఎందుకని అడిగితే, రేపు ఏమైనా అయితే ఇల్లు పోకుండా ఉంటుంది అంటాం. ఆ 'ఏమైనా' అంటే కోడలని చెప్పనక్కర్లేదు. 2006 డిసెంబరులో సుప్రీంకోర్టు, అత్తగారి సొంత ఇంట్లో కోడలికి నివాస హక్కు ఉండదని ఒక తీర్పు ఇచ్చింది. చట్టం ఒక్క ముక్క చదవని మనవాళ్లకు ఆ తీర్పు మాత్రం ఎలా తెలిసిందో తెలిసింది. 2020 అక్టోబరులో అదే కోర్టు ముగ్గురు జడ్జీల ధర్మాసనం ఆ తీర్పు తప్పని కొట్టేసింది. ఇల్లు ఎవరి పేరు మీద ఉన్నా, ఆమె కాపురమున్న ఇల్లయితే గృహహింస నిరోధక చట్టం కింద నివాసం అడగొచ్చు అంది. ఈ రెండో తీర్పు మన పార్కు దాకా ఇంకా చేరలేదు. చేరినా, ఉండనిచ్చే హక్కు వేరు, వాటా వేరు. పదేళ్లు ఈఎంఐ కట్టి ఆమె సంపాదించుకున్నది తలదాచుకునే హక్కా?

మగపిల్లల వైపు కూడా ఈ గజిబిజి తక్కువేం చెయ్యలేదు. పొలం అమ్మి ఎనిమిది లక్షలిచ్చిన అబ్బాయి తండ్రి ఆ ఫ్లాటులోనే మూడో బెడ్‌రూమ్‌లో ఉంటాడు. విడిపోయాక ఆయన ఊళ్లో పొలమూ లేదు, ఇక్కడ పేరూ లేదు. ఆయన ఇచ్చిందీ కాగితం మీద లేదు. భార్యాబిడ్డలు ఇంట్లో ఉండగా బయట అద్దెగదిలో ఉంటూ పూర్తి ఈఎంఐ కడుతున్న అబ్బాయిల్ని కూడా చూశాను. జీతం నాలుగు ముక్కలై, వాళ్లు మధ్యాహ్నం ఆఫీసు క్యాంటీన్లోనే రాత్రికీ తినేస్తారు. వాళ్లను చూసి జాలిపడతాం, ఆ జాలిలో కూడా ఆడపిల్లని తిట్టుకుంటాం. తిట్టుకోవాల్సింది మనల్ని.

తెలుగువాళ్లం గొప్ప చెప్పుకునే సంగతి ఒకటుంది. ఆడపిల్లకు కొడుకుతో సమానంగా ఉమ్మడి ఆస్తిలో హక్కు దేశం మొత్తానికి 2005లో వస్తే, ఎన్టీ రామారావు ప్రభుత్వం ఉన్నప్పుడే 1986లో ఆంధ్రప్రదేశ్ చట్టం చేసింది. నిజమే. ఆ చట్టం వచ్చాక మన ఇళ్లలో ఏం చేశాం? పెళ్లికి ముందో, పసుపు కుంకాల కింద ఏదో చేతిలో పెట్టో, "ఇక నాకే హక్కూ లేదు" అని ఆడపిల్లల చేత సంతకాలు పెట్టించుకున్నాం. ప్రభుత్వాలు ఇళ్ల పట్టాలు ఆడవాళ్ల పేర ఇస్తున్నాయి. పట్టా ఆమె పేరునే ఉంటుంది, గొడవైన రాత్రి పిల్లల్ని తీసుకుని పుట్టింటికి బస్సెక్కేదీ ఆమే. అప్పుడు ఆమె పేరున్న ఇంట్లోంచి మనం ఎవరినైనా బయటికి పంపామా?

పెళ్లి తర్వాత సంపాదించింది ఇద్దరిదీ అన్న సూత్రం మన చట్టంలో లేదు. గోవాలో పోర్చుగీసు కాలం నాటి సివిల్ కోడ్ వల్ల ఉంది. హిందూ వివాహ చట్టంలో 27వ సెక్షన్ పెళ్లి సందర్భంగా ఇద్దరికీ కలిపి వచ్చిన వస్తువుల గురించే మాట్లాడుతుంది, తర్వాత కలిసి కొన్న ఇంటి ఊసు అందులో లేదు. భర్త ఆస్తిలో భార్యకు వాటా ఇచ్చే విడాకుల సవరణ బిల్లు ఒకటి 2013 ఆగస్టులో రాజ్యసభలో గట్టెక్కింది. లోక్‌సభలో చదవకుండానే కాలం చెల్లింది. దానికోసం మన దగ్గర ఎవరూ ధర్నా చేసినట్టు నాకు గుర్తులేదు. మనవాళ్లు కాలిఫోర్నియాలోనో టెక్సాస్‌లోనో ఉంటే అక్కడ సంపాదనంతా ఉమ్మడిదేనన్న చట్టానికి బుద్ధిగా తలవంచుతారు. అదే జంటకు కొండాపూర్‌లో ఉన్న ఫ్లాటు మాత్రం పవర్ ఆఫ్ అటార్నీ మీద మామగారి చేతిలో ఉంటుంది.

ఇప్పటికే విడిపోయి, ఇల్లు మధ్యలో వేలాడుతున్నవాళ్లకు మేం ముందే చెప్పవలసిన నాలుగు ముక్కలు ఇప్పుడైనా చెబుతాను. ఫ్లాటు గోడ కట్టి పంచుకునేది కాదు. కోర్టుకి వెళితే 1893 నాటి పార్టిషన్ చట్టం కింద అమ్మి డబ్బు పంచమంటారు, లేదా ఒకరి వాటా రెండోవారు విలువకట్టి కొనుక్కోవాలి. ఆ రెండు దారులే ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నా ఉండేవి. తేడా ఏళ్లలో ఉంటుంది. ముందు బ్యాంకుకి వెళ్లి ఇంకా ఎంత బాకీ ఉందో రాతపూర్వకంగా తీసుకోండి, వకీలు దగ్గరికి ఆ కాగితంతో వెళ్లండి. ఒకరు ఇల్లు ఉంచుకుంటామంటే, వాళ్ల ఒక్కరి జీతం మీద లోను నిలుస్తుందని బ్యాంకు చెప్పాకే మిగతా మాటలు. బ్యాంకు ఎన్‌ఓసీ తీసుకుని రిలీజ్ డీడో సెటిల్‌మెంటో రిజిస్టర్ చేయించండి. తెల్లకాగితం మీద ఇద్దరు పెద్దల సాక్షి సంతకాలతో రాసుకున్నది ఇంటి విషయంలో చెల్లదు. ఇల్లు ఒకరి పేరుకి మార్చుకునే పని విడాకుల డిక్రీకి ముందా తర్వాతా అన్నది ఆడిటర్ని అడగండి. భార్యాభర్తలుగా ఉండగా ఒకరికొకరు ఇచ్చుకుంటే ఆదాయపు పన్ను చట్టం వాళ్లను బంధువులుగా చూస్తుంది, డిక్రీ వచ్చిన మర్నాటి నుంచి పరాయివాళ్లే. పరస్పర అంగీకారపు పిటిషన్‌లో "ఇంటి విషయం ఇద్దరూ తర్వాత మాట్లాడుకుంటారు" అని రాస్తే ఒప్పుకోకండి. అప్పటిదాకా ఈఎంఐ ఆపకండి. ఎవరు ఎంత కడుతున్నారో రాసుకోండి, బ్యాంకు ఖాతాల మీదుగానే కట్టండి. అన్నీ అయ్యాక మ్యుటేషన్, ఇంటిపన్ను, కరెంటు మీటరు కూడా మార్పించుకోండి. మీటరు పేరు మీద మళ్లీ తగువు పడ్డవాళ్లున్నారు.

ఇక మన పెద్దల సంగతి. ఇలాంటి పంచాయతీకి మిమ్మల్ని పిలిస్తే, ఇంటి బాకీ కాగితం బల్ల మీద పెట్టాకే వస్తామని చెప్పండి. గ్రైండర్ సంగతి తర్వాత చూడొచ్చు. మీ ఇంట్లో పిల్లలు ఇప్పుడు ఫ్లాటు కొంటుంటే, సాయం చేయదలిస్తే చెక్కు రాయండి, మీ బిడ్డ పేరు మీద రాయండి, బిల్డరుకి అది ఆ బిడ్డ ఖాతాలోంచే వెళ్లాలి. సేల్ డీడ్ చిత్తుప్రతి వచ్చినప్పుడు పేర్ల పక్కన ఎవరి వాటా ఎంత శాతమో రాయమని డాక్యుమెంట్ రైటర్‌తో చెప్పండి. ఆయన విడ్డూరంగా చూస్తాడు, చూడనివ్వండి. వాటాలు రాయించినందుకు స్టాంపు సుంకం ఒక్క రూపాయి కూడా పెరగదు.